డీబీవర్ సమీక్ష: పాత సర్వర్లు, కొత్త డ్రైవర్లు

రకరకాల డేటాబేస్‌లకు కనెక్ట్ అయి పనిచేసుకునే సాధనమైన డీబీవర్ గురించి వచ్చే సమీక్షల్లో ఎక్కువ భాగం దాని ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) ఎడిటర్‌ను, టేబుళ్ల మధ్య సంబంధాలను గీసి చూపే డయాగ్రమ్‌ను, ఒకే విండోలో రకరకాల డేటాబేస్‌లను తెరిచే సౌకర్యాన్ని మెచ్చుకుని ముగిసిపోతాయి. ఆ మెప్పు న్యాయమైనదే. 2010లో ఒక వ్యక్తి సొంత ప్రాజెక్టుగా మొదలై, అపాచీ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతున్న దీని కమ్యూనిటీ ఎడిషన్ డబ్బు పెట్టి కొన్న అనేక సాధనాలకు ఏమాత్రం తీసిపోదు. కానీ ఒక డేటాబేస్, దానిలో ఒకే వెర్షన్ మాత్రమే చూసుకునేవారికి ఏ సాధనమైనా సరిపోతుంది. ఒక క్లయింటు దగ్గర మైఎస్‌క్యూఎల్ 5.6, మరొకరి దగ్గర 8.4, ఇంకొకరి దగ్గర ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని ఒరాకిల్ 10జీ, పక్కనే కొత్తగా కట్టిన 19సీ ఉండి, వీటన్నిటికీ ఒకే ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ కావలసినవారికే అసలు పరీక్ష ఎదురవుతుంది. హైదరాబాద్‌లో సపోర్ట్ ప్రాజెక్టులు చేసేవారికి ఈ పరిస్థితి కొత్తేమీ కాదు. అందుకే ఈ సమీక్షను ఆ ఒక్క కోణానికే పరిమితం చేస్తున్నాను: వేర్వేరు వెర్షన్ల డేటాబేస్‌లకు కనెక్ట్ అయ్యేటప్పుడు వచ్చే డ్రైవర్ (సాధనాన్ని డేటాబేస్‌తో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్) పొసగని సమస్యలను డీబీవర్ ఎంతవరకు తీరుస్తుంది, ఎక్కడ మన నెత్తిన వదిలేస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పనికి ఇంతకన్నా మెరుగైన ఉచిత సాధనం నాకు కనబడలేదు. అయితే దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అడిగిన ప్రతి డౌన్‌లోడ్‌కూ సరేనని నొక్కుకుంటూ పోయేవారికి ఆ మేలు అందదు. డేటాబేస్ మెనూలో ఉండే డ్రైవర్ మేనేజర్ అనే చిన్న విండోను తెరిచి, దాని తీరు అర్థం చేసుకున్నవారికే అది దక్కుతుంది.

డీబీవర్ స్వయంగా ఏ డేటాబేస్‌తోనూ మాట్లాడదు. అది జావాలో, ఎక్లిప్స్ పునాది మీద కట్టిన సాఫ్ట్‌వేర్ కనుక, ప్రతి డేటాబేస్‌కూ దాని తయారీదారులు ఇచ్చే జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే ప్రమాణం) డ్రైవర్ మీదే ఆధారపడుతుంది. మొదటిసారి కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ డ్రైవర్ ఫైళ్లను మేవెన్ సెంట్రల్ అనే జావా లైబ్రరీల ఆన్‌లైన్ భాండాగారం నుంచి తానే దించుకుంటుంది. ఎక్కడెక్కడో వెతికి జార్ ఫైళ్లు (జావా కోడ్ ఉండే ఫైళ్లు) తెచ్చుకునే శ్రమను ఈ ఏర్పాటు తప్పించింది. చిక్కు కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. డ్రైవర్ తయారీదారులు తమ కొత్త విడుదలలను తాము ఇంకా మద్దతు ఇస్తున్న సర్వర్ వెర్షన్లతోనే పరీక్షిస్తారు. డీబీవర్ మామూలుగా కొత్త డ్రైవర్‌నే తెస్తుంది. ఫలితంగా కొత్త సర్వర్లతో పని సాఫీగా సాగిపోతుంది. పదేళ్ల నాటి సర్వర్ ముందు అదే డ్రైవర్ మొరాయిస్తుంది. ఎవరో ఎప్పుడో పెట్టిన పాత డ్రైవర్‌తో కొత్త సర్వర్‌కు వెళ్లినా గొడవే, కాకపోతే లక్షణాలు వేరుగా ఉంటాయి.

మైఎస్‌క్యూఎల్‌లో ఈ రెండో రకం గొడవలు ఎక్కువ. 2018 ఏప్రిల్‌లో 8.0 సాధారణ వాడుకకు విడుదలైనప్పుడు పాస్‌వర్డ్ తనిఖీ చేసే డిఫాల్ట్ పద్ధతి మారింది. నేటివ్ పాస్‌వర్డ్ స్థానంలో క్యాషింగ్ షా-2 వచ్చింది. ప్రశ్నల ఫలితాలను దాచుకునే క్వెరీ క్యాష్‌ను పూర్తిగా తీసేశారు. డిఫాల్ట్ అక్షర సముదాయం కూడా మారింది. 5.1 వరుసలోని పాత డ్రైవర్లు కనెక్ట్ అయిన వెంటనే సర్వర్‌ను క్వెరీ క్యాష్ పరిమాణం ఎంత అని అడిగేవి. ఆ వేరియబులే 8.0లో లేదు కనుక, అలాంటి సిస్టమ్ వేరియబుల్ తనకు తెలియదని సర్వర్ జవాబిస్తుంది, కనెక్షన్ అక్కడే తెగిపోతుంది. కొన్నిసార్లు అంతదూరం కూడా పోదు: సర్వర్ పంపిన ప్రారంభ అక్షర సముదాయం సంఖ్య 255 అంటే ఏమిటో తెలియదని డ్రైవర్ చేతులెత్తేస్తుంది. ఆ 255 అనేది 8.0లో డిఫాల్ట్‌గా వచ్చిన కొత్త కొలేషన్‌కు (అక్షరాలను పోల్చి వరుసపెట్టే నియమాలకు) ఇచ్చిన సంఖ్య, పాత డ్రైవర్ దగ్గరున్న పట్టికలో అది ఉండదు. ఈ సందేశాలు చూసినవారు సర్వర్ పాడైందేమోనని కంగారు పడతారు గానీ, రెండింటికీ మందు ఒకటే, డ్రైవర్ మార్చడం.

క్యాషింగ్ షా-2 పద్ధతి తెచ్చే చిక్కు ఇంతకన్నా మెలికగా ఉంటుంది, డీబీవర్ వాడేవారిలో చాలామంది మొదట తలపడేది దీనితోనే. టీఎల్ఎస్ (కనెక్షన్‌ను గుప్తీకరించే పద్ధతి) లేకుండా కనెక్ట్ అయితే, పాస్‌వర్డ్‌ను గుప్తీకరించే పబ్లిక్ కీని సర్వర్ నుంచి తెచ్చుకోవడానికి అనుమతి లేదన్న ఎర్రర్ వస్తుంది. విచిత్రమేమిటంటే, నిన్న ఇదే కనెక్షన్ పనిచేసి ఉండవచ్చు. ఆ ఖాతాతో ఎవరైనా ఒకసారి సురక్షిత మార్గంలో లాగిన్ అయితే సర్వర్ ఆ పాస్‌వర్డ్ ఆనవాలును మెమరీలో ఉంచుకుంటుంది. ఆ తరువాత టీఎల్ఎస్ లేని కనెక్షన్లకు కూడా కీ అవసరం పడదు. రాత్రి సర్వర్ రీస్టార్ట్ అయినా, ఎవరైనా ప్రివిలేజెస్ ఫ్లష్ చేసినా (అనుమతుల పట్టికలను మళ్లీ చదివించినా), ఆ పాస్‌వర్డ్ మార్చినా ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది, పొద్దున్నే అందరికీ ఎర్రర్లు మొదలవుతాయి. ఎవరూ ఏమీ మార్చలేదని ప్రమాణం చేసి చెప్పే బృందం నిజమే చెబుతూ ఉంటుంది. కనెక్షన్‌లోని డ్రైవర్ ప్రాపర్టీస్ ట్యాబులో అలౌ పబ్లిక్ కీ రిట్రీవల్ అన్నదాన్ని ట్రూ చేయమని అందరూ సలహా ఇస్తారు. చేస్తే పనిచేస్తుంది. కానీ మధ్యలో ఎవరైనా నకిలీ సర్వర్ నిలబెడితే తమ కీ ఇచ్చి పాస్‌వర్డ్‌ను రాబట్టుకోగలరు కాబట్టే దాన్ని డిఫాల్ట్‌గా ఆపి ఉంచారు. సొంత ల్యాప్‌టాప్‌లోని టెస్ట్ సర్వర్‌కు దాన్ని ఆన్ చేసుకోవచ్చు గానీ, అసలు పని నడిచే ప్రొడక్షన్ సర్వర్‌కు టీఎల్ఎస్ పెట్టుకోవడమే పద్ధతి.

మన ప్రాంతం వారిని ప్రత్యేకంగా పట్టుకునే ఎర్రర్ ఒకటి ఇదే వరుసలో ఉంది. మైఎస్‌క్యూఎల్ జేడీబీసీ డ్రైవర్ అయిన కనెక్టర్-జే 8.0 తొలి విడుదలలు సర్వర్ టైమ్‌జోన్ పేరును చదివి దాన్ని జావాకు తెలిసిన పేరుగా మార్చడానికి ప్రయత్నించేవి. మన సర్వర్లలో ఆ పేరు ఐఎస్‌టీ అని ఉంటుంది. అదే పొట్టి పేరును ఇజ్రాయెల్, ఐర్లండ్ కూడా వాడుకుంటాయి. దాంతో ఐఎస్‌టీ అన్న విలువ గుర్తుపట్టరానిది, లేదా ఒకటికి మించిన టైమ్‌జోన్లను సూచిస్తోంది అంటూ డ్రైవర్ కనెక్షన్‌ను నిరాకరించేది. అమెరికాలోని సహోద్యోగికి అదే డ్రైవర్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మీద నడిచే తన సర్వర్‌తో పనిచేస్తూ, ఇక్కడి సర్వర్‌తో ఇక్కడివారికి పనిచేయకపోవడం వెనుక ఉన్న రహస్యం ఇంతే. సర్వర్ టైమ్‌జోన్ ప్రాపర్టీలో ఆసియా/కోల్‌కతా అని రాస్తే సరిపోయేది. 8.0.23 నుంచి డ్రైవర్ మామూలుగా ఈ తనిఖీ జోలికి పోవడం లేదు. అయినా 8.0 తొలి జార్‌లు ఇంకా ఎన్నో షేర్డ్ ఫోల్డర్లలో పడి ఉన్నాయి కాబట్టి ఈ ఎర్రర్‌కు కాలం చెల్లిందని అనుకోనక్కర్లేదు.

కోల్‌కతా పేరు ఒరాకిల్ దగ్గర కూడా అడ్డం పడుతుంది. జావా ఇచ్చే టైమ్‌జోన్ పేరును ఒరాకిల్ డ్రైవర్ కనెక్ట్ అయ్యేటప్పుడే సర్వర్‌కు పంపుతుంది. మన కంప్యూటర్లలో ఆ పేరు ఆసియా/కోల్‌కతా. నగరం పేరు 2001లోనే అధికారికంగా మారినా, ప్రపంచమంతా వాడే టైమ్‌జోన్ పట్టికలో కలకత్తా స్థానంలోకి కోల్‌కతా ప్రధానమైన పేరుగా వచ్చింది 2008లో. అంతకు ముందు నాటి టైమ్‌జోన్ ఫైలుతో నడుస్తున్న 10జీ సర్వర్‌కు కలకత్తా తెలుసు, కోల్‌కతా తెలియదు. కాబట్టి ఓఆర్ఏ-01882, టైమ్‌జోన్ రీజియన్ దొరకలేదు, అనే ఎర్రర్‌తో తలుపు మూసేస్తుంది. లాగిన్ విండోలో యూజర్, పాస్‌వర్డ్, పోర్టు అన్నీ సరిగ్గా ఉండగా టైమ్‌జోన్ గురించి ఫిర్యాదు రావడం చూసి సర్వర్ గడియారాన్ని సరిచేయడానికి వెళ్లేవారు ఉంటారు. అక్కడ సరిచేయవలసింది ఏమీ లేదు. డీబీవర్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోని ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైలు తెరిచి, వీఎమ్ ఆర్గ్స్ అన్న పంక్తి కింద టైమ్‌జోన్ యాజ్ రీజియన్ అనే ఒరాకిల్ జేడీబీసీ సెట్టింగును ఫాల్స్‌గా రాసి మళ్లీ తెరిస్తే, డ్రైవర్ ఊరి పేరు మాని +05:30 అనే తేడాను మాత్రమే పంపుతుంది. ఏడాది పొడుగునా ఒకే సమయం ఉండే మనకు దీనివల్ల నష్టం లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని ఇదే పని చేసేవారు మాత్రం, అక్కడ వేసవిలో గడియారం గంట ముందుకు జరుగుతుందని, లోకల్ టైమ్‌జోన్‌లో చూపించే టైమ్‌స్టాంప్ కాలమ్‌లలో ఏడాదిలో మిగతా భాగపు విలువలు గంట తేడాతో కనిపించవచ్చని గుర్తుంచుకోవాలి.

ఒరాకిల్ డ్రైవర్ల పేర్లు పెట్టిన పద్ధతి మీద నాకు మొదటి నుంచీ ఫిర్యాదు ఉంది. ఓజేడీబీసీ-6, 7, 8, 11 అనే సంఖ్యలు చూసిన కొత్తవారెవరైనా అవి డేటాబేస్ వెర్షన్లనుకుంటారు. 11జీ సర్వర్‌కు ఓజేడీబీసీ-11 వెతుకుతారు. ఆ సంఖ్య జావా వెర్షన్‌ది. ఓజేడీబీసీ-11 అంటే జావా 11కు కట్టిన డ్రైవర్. అంతకన్నా తికమక పెట్టేది ఓజేడీబీసీ-8. అదే పేరుతో 12.2 విడుదలలోనూ, 19సీలోనూ, 21సీలోనూ ఫైళ్లు వచ్చాయి. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకటే, లోపల వేర్వేరు. ఒక సర్వర్ మీద పనిచేసిన ఓజేడీబీసీ-8 ఇంకో సర్వర్ మీద పనిచేయడం లేదని ఎవరైనా అంటే, అది ఏ విడుదలకు చెందిన ఓజేడీబీసీ-8 అన్నది మొదట అడగవలసిన ప్రశ్న. డీబీవర్ ఇక్కడ నిజంగా ఉపకారం చేస్తుంది. మేవెన్ నుంచి దించే డ్రైవర్లకు పూర్తి వెర్షన్ సంఖ్య పక్కనే కనబడుతుంది, డౌన్‌లోడ్ విండోలోని జాబితా నుంచి కావలసినది ఎంచుకోవచ్చు. ఒరాకిల్ తన డ్రైవర్లను 2019లో మేవెన్ సెంట్రల్‌లో పెట్టడంతో ఇది సాధ్యమైంది. అంతకు ముందు ఒరాకిల్ ఖాతాతో లాగిన్ అయి జార్ ఫైలు దించుకుని చేత్తో జోడించవలసి వచ్చేది.

ఓఆర్ఏ-28040, అంటే ఇద్దరికీ కుదిరే ధ్రువీకరణ పద్ధతి లేదు అన్న ఎర్రర్, నేరుగా విషయం చెబుతుంది కనుక దానితో పెద్ద ఇబ్బంది లేదు: డ్రైవర్ మరీ పాతది, కొత్తది పెట్టుకోవాలి. దాని తోబుట్టువు లాంటి ఓఆర్ఏ-01017 మాత్రం పచ్చి అబద్ధం చెబుతుంది. ఖాతాకు 10జీ నాటి పాస్‌వర్డ్ ఆనవాలు ఒక్కటే ఉండి, సర్వర్‌లో లాగిన్‌కు అనుమతించే కనీస స్థాయి 12కు పెరిగినప్పుడు, సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు అనే జవాబు వస్తుంది. ఏ డ్రైవర్ మార్చినా ప్రయోజనం ఉండదు. ఖాతాల వివరాలు చూపే డీబీఏ యూజర్స్ వ్యూలో పాస్‌వర్డ్ వెర్షన్స్ అన్న కాలమ్ చూసి, అక్కడ 10జీ ఒక్కటే ఉంటే పాస్‌వర్డ్‌ను ఒకసారి రీసెట్ చేయించడమే మార్గం. దీన్ని డీబీవర్ పట్టుకుని చెప్పాలని ఆశించడం అన్యాయమే. సర్వర్ ఏమి చెబితే అది అదే చూపిస్తుంది.

పోస్ట్‌గ్రెస్ విషయంలో కథ తులనాత్మకంగా చిన్నది. స్క్రామ్ అనే కొత్త పాస్‌వర్డ్ పద్ధతి 2017లో వెర్షన్ 10తో వచ్చింది, 2021లో వచ్చిన 14 నుంచి అదే డిఫాల్ట్ అయింది. జేడీబీసీ డ్రైవర్‌కు దాన్ని నేర్పినది 2018 జనవరిలో వచ్చిన 42.2.0. అంతకన్నా పాత డ్రైవర్‌తో వెళితే ధ్రువీకరణ రకం 10కి మద్దతు లేదన్న ఎర్రర్ వస్తుంది. దానికి తోకగా, పీజీ హెచ్‌బీఏ ఫైలులో (ఎవరు ఎక్కడి నుంచి ఎలా లాగిన్ కావచ్చో రాసి ఉండే ఫైలు) మీ ఐపీ ఉందో లేదో చూసుకోండి అన్న సలహా కూడా జతపడుతుంది. ఆ సలహా పట్టుకుని నెట్‌వర్క్ బృందానికి టికెట్ వేసినవారు ఎందరో. సర్వర్‌ను పాత వెర్షన్ నుంచి 14కు అప్‌గ్రేడ్ చేసిన చోట ఇంకో వింత కనబడుతుంది. పాత యూజర్ల పాస్‌వర్డ్‌లు ఎండీ-5 అనే పాత పద్ధతి రూపంలోనే మిగిలి ఉంటాయి, కొత్తగా సృష్టించిన యూజర్లవి స్క్రామ్‌లో ఉంటాయి. హెచ్‌బీఏ ఫైలులో ఎండీ-5 అని రాసి ఉంటే పాత డ్రైవర్‌తో పాత యూజర్లు హాయిగా లాగిన్ అవుతారు, కొత్త యూజర్లు కాలేరు. దీన్ని అందరూ పర్మిషన్ల సమస్య అనుకుంటారు. ఎండీ-5 పాస్‌వర్డ్‌లకు వీడ్కోలు చెప్పబోతున్నామని 18వ వెర్షన్ హెచ్చరించడం మొదలుపెట్టింది కాబట్టి, పాత డ్రైవర్లను సాగదీయడం ఇక ఎంతో కాలం కుదరదు. ఆ డ్రైవర్ బృందం చేసిన ఒక మంచి పని చెప్పకుండా ఉండలేను: 2017లో వారు తమ వెర్షన్ సంఖ్యను 9.4 నుంచి ఒక్కసారిగా 42కు దూకించారు. 9.4 డ్రైవర్ 9.4 సర్వర్‌కే పనికొస్తుందని జనం అనుకుంటున్నారు కాబట్టి, ఏ సర్వర్ వెర్షన్‌తోనూ పొరపాటు పడే వీలు లేని సంఖ్యకు పోయారు. ఒరాకిల్ వారు కూడా ఇలాంటిదేదైనా చేసి ఉంటే బాగుండేది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ దగ్గర గొడవంతా ఎన్‌క్రిప్షన్ గురించే. మైక్రోసాఫ్ట్ జేడీబీసీ డ్రైవర్ 2022లో వచ్చిన 10.2 నుంచి ఎన్‌క్రిప్షన్‌ను డిఫాల్ట్‌గా ఆన్ చేసింది. ఆఫీసు లోపలి సర్వర్లలో ఎక్కువగా ఉండేది సర్వర్ తనకు తాను ఇచ్చుకున్న గుర్తింపు సర్టిఫికెట్. దాన్ని జావా నమ్మదు, సర్టిఫికేషన్ మార్గం దొరకలేదని పొడుగాటి ఎర్రర్ చూపిస్తుంది. డ్రైవర్ మార్చకముందు పనిచేసిన కనెక్షన్ మార్చిన మరుక్షణం ఆగిపోతుంది. డీబీవర్ కనెక్షన్ పేజీలోనే ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ అనే టిక్కు పెట్టె ఇచ్చింది, కాబట్టి ప్రాపర్టీలు వెతకనక్కర్లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 వెర్షన్ సర్వర్లతో మాత్రం ఈ టిక్కు సరిపోదు. అవి టీఎల్ఎస్ 1.0 మాట్లాడతాయి, 2021 ఏప్రిల్ అప్‌డేట్ల నుంచి జావా దాన్ని డిఫాల్ట్‌గా నిషేధించింది, డీబీవర్‌తో పాటు వచ్చే జావాకూ ఆ నిషేధం వర్తిస్తుంది. సర్వర్ ఎంచుకున్న టీఎల్ఎస్-10 (అంటే 1.0) క్లయింటుకు, అంటే డీబీవర్ వైపుకు, సమ్మతం కాదన్న ఎర్రర్ వస్తుంది. సరైన వైద్యం సర్వర్‌కు చేయాలి: 2008కి టీఎల్ఎస్ 1.2 నేర్పే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2016లోనే ఇచ్చింది. అది వేయడానికి క్లయింటు ఒప్పుకోకపోతే, డీబీవర్ ఫోల్డర్‌లోని జేఆర్ఈ (దానితో వచ్చే జావా) లోపల ఉన్న జావా సెక్యూరిటీ ఫైలులో నిషేధిత ఆల్గరిదమ్‌ల పంక్తి నుంచి టీఎల్ఎస్-1 పేరు తీసివేయవచ్చు. కానీ ఆ సడలింపు ఒక్క సర్వర్‌కు కాదు, ఆ డీబీవర్ చేసే అన్ని కనెక్షన్లకూ వర్తిస్తుంది. పాత సర్వర్ల కోసం డీబీవర్ జాబితాలో జేటీడీఎస్ అనే పాత డ్రైవర్ కూడా ఉంది. తాత్కాలికంగా పని గడుస్తుంది, కానీ దాని 1.3.1 విడుదల 2013 నాటిది. ఆ తరువాత అది పెద్దగా ముందుకు సాగలేదు.

ఇప్పుడు డ్రైవర్ మేనేజర్ దగ్గరకు వస్తాను. ఇక్కడ డీబీవర్ చేసిన ఒక మంచి నిర్ణయం, ఒక అయోమయ నిర్ణయం పక్కపక్కనే ఉన్నాయి. మంచిది ఏమిటంటే, ప్రతి డ్రైవర్ ఎంట్రీ తన జార్ ఫైళ్లను విడిగా లోడ్ చేసుకుంటుంది. కాబట్టి మైఎస్‌క్యూఎల్ 5.1 డ్రైవర్, 8 వరుస డ్రైవర్, ఇంకా కొత్తది ఒకే సెషన్‌లో ఒకదానికొకటి అడ్డం రాకుండా పనిచేస్తాయి. అప్లికేషన్ సర్వర్లలో రెండు వెర్షన్ల జార్‌లు ఒకే ఫోల్డర్‌లో పడి ఏది లోడ్ అవుతుందో తెలియక తల పట్టుకున్నవారికి దీని విలువ తెలుస్తుంది. మేనేజర్‌లో మైఎస్‌క్యూఎల్ ఎంట్రీని ఎంచుకుని కాపీ నొక్కి, కొత్త ఎంట్రీకి మైఎస్‌క్యూఎల్ 5.6 పాత సర్వర్లు అని అర్థమయ్యే పేరు పెట్టి, లైబ్రరీస్ ట్యాబులో ఉన్న జార్‌ను తీసేసి కావలసిన పాత జార్‌ను జోడించి, ఫైండ్ క్లాస్ నొక్కాలి. ఈ చివరి మెట్టును వదిలేయకూడదు: 5.1లో డ్రైవర్ క్లాస్ పేరు వేరు, 8 నుంచి మధ్యలో సీజే అన్న ముక్క చేరింది, పాత జార్‌కు కొత్త పేరు ఉంచితే క్లాస్ దొరకలేదన్న ఎర్రర్ తప్పదు. తరువాత ఆ సర్వర్లకు కనెక్షన్ సృష్టించేటప్పుడు ఈ కొత్త ఎంట్రీని ఎంచుకుంటే సరి. ఎక్కడైనా తేడా వస్తే రీసెట్ బటన్ ఉంది, మొదటి స్థితికి తెస్తుంది.

అయోమయం పేర్లలో ఉంది. కనెక్షన్ సెట్టింగుల విండోలో డ్రైవర్ ప్రాపర్టీస్ అని ఒకటి, డ్రైవర్ సెట్టింగ్స్ అని ఇంకొకటి కనిపిస్తాయి. మొదటిదానిలో చేసిన మార్పు ఆ ఒక్క కనెక్షన్‌కే పరిమితం. రెండోదానిలో చేసిన మార్పు ఆ డ్రైవర్ మీద ఉన్న కనెక్షన్లన్నిటికీ వర్తిస్తుంది. ఒక పాత సర్వర్ కోసం, ఆ సర్వర్ కనెక్షన్ విండోలోనే నిలబడి, డ్రైవర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి జార్ మార్చినవారు తాము ఆ ఒక్కదాన్నే మార్చామనుకోవడం సహజం. మర్నాడు మిగతా సర్వర్లన్నీ అలిగినప్పుడు కారణం తోచదు. ఈ మార్పు ఫలానా ఇన్ని కనెక్షన్లకు వర్తిస్తుంది అని ఒక్క వాక్యం హెచ్చరిక పెడితే ఎంతో మేలయ్యేది. డ్రైవర్ వెర్షన్‌ను కనెక్షన్ స్థాయిలోనే ఎంచుకునే వీలుంటే ఇంకా బాగుండేది. కాపీ చేసుకోవడం పనిచేస్తుంది గానీ, ఆ దారి ఉందని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

రోగ నిర్ధారణకు డీబీవర్ ఇచ్చిన అతి ఉపయోగకరమైన వస్తువు టెస్ట్ కనెక్షన్ బటన్. కనెక్షన్ కుదిరితే వచ్చే చిన్న పెట్టెలో సర్వర్ పూర్తి వెర్షన్, దాని కిందే డ్రైవర్ పేరు, పూర్తి వెర్షన్ కనిపిస్తాయి. పనిచేస్తున్న సహోద్యోగి పెట్టెను, పనిచేయని మన ఎంట్రీలోని జార్ వెర్షన్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే సగం వాదనలు అక్కడే ముగుస్తాయి. కనెక్షన్ విఫలమైనప్పుడు మాత్రం డ్రైవర్ ఇచ్చిన జావా ఎర్రర్‌నే ఉన్నదున్నట్టు చూపిస్తుంది, వివరాలు తెరిస్తే కారణాల గొలుసు పొడుగ్గా ఉంటుంది. చదవవలసింది చాలాసార్లు ఆ గొలుసులో చివరి పంక్తి. పై పంక్తి కమ్యూనికేషన్ తెగిందని మాత్రమే చెబుతుంది. అడుగున ఉన్నదే టీఎల్ఎస్ గురించో టైమ్‌జోన్ గురించో అసలు సంగతి చెబుతుంది.

ఇంటర్నెట్ లేని చోట్ల, అంటే క్లయింటు డేటా సెంటర్‌లో జంప్ సర్వర్ (లోపలి సర్వర్లకు చేరడానికి వాడే మధ్య కంప్యూటర్) మీద పనిచేసేవారికి, మేవెన్ డౌన్‌లోడ్ సౌకర్యం అక్కరకు రాదు. అక్కడ ప్రాక్సీ (ఇంటర్నెట్‌కు మధ్యవర్తిగా ఉండే సర్వర్) లేకపోతే డ్రైవర్ దించుకోలేక డీబీవర్ ఊరికే కూర్చుంటుంది. దీనికి సులువైన ఉపాయం ఉంది: నెట్ ఉన్న కంప్యూటర్‌లో కావలసిన డ్రైవర్లన్నీ ఒకసారి దించుకుని, విండోస్‌లో అయితే యూజర్ రోమింగ్ ఫోల్డర్‌లోని డీబీవర్ డేటా లోపల ఉన్న డ్రైవర్స్ ఫోల్డర్ నుంచి జార్‌లను పట్టుకెళ్లి, అక్కడ లైబ్రరీస్ ట్యాబులో యాడ్ ఫైల్‌తో జోడించుకోవచ్చు. ప్రతి క్లయింటుకూ ఏ సర్వర్‌కు ఏ జార్ అన్నది ఫోల్డర్ పేరులోనే రాసి పెట్టుకుంటే, కొత్తగా చేరినవారు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.

చాలామంది గమనించని ఇంకో పొర బ్యాకప్‌ది. డంప్ తీయడం (డేటాబేస్‌ను ఫైలుగా రాసుకోవడం), రీస్టోర్ చేయడం డీబీవర్ మెనూలోనే కనబడతాయి కాబట్టి అవీ జేడీబీసీ డ్రైవర్‌తోనే జరుగుతాయనుకుంటారు. కాదు. వాటికి మన కంప్యూటర్‌లో ఉన్న పీజీ డంప్, మైఎస్‌క్యూఎల్ డంప్ ప్రోగ్రాములనే అది పిలుస్తుంది. కనెక్షన్ చక్కగా పనిచేస్తూ డంప్ మాత్రం విఫలమయ్యేది అందుకే. పీజీ డంప్ తనకన్నా కొత్త మేజర్ వెర్షన్ సర్వర్‌ను ముట్టుకోదు, సర్వర్ వెర్షన్ కుదరలేదని చెప్పి ఆగిపోతుంది. తనకన్నా పాత సర్వర్‌తో మాత్రం, అది మరీ పాతది కాకపోతే, పేచీ పెట్టదు. కాబట్టి అన్నిటికన్నా కొత్త పోస్ట్‌గ్రెస్ క్లయింటును పెట్టుకుని, కనెక్షన్‌లో లోకల్ క్లయింట్ దగ్గర దాన్ని చూపిస్తే చాలు. మైఎస్‌క్యూఎల్‌లో వ్యవహారం అటుది ఇటు. 8.0 డంప్ ప్రోగ్రాముతో 5.7 సర్వర్‌ను డంప్ చేయబోతే కాలమ్ స్టాటిస్టిక్స్ అనే టేబుల్ తెలియదన్న 1109 ఎర్రర్ వస్తుంది. అదనపు ఆర్గ్యుమెంట్‌గా కాలమ్ స్టాటిస్టిక్స్‌కు సున్నా ఇస్తే సాగుతుంది. 8.0 నుంచి తీసిన డంప్‌ను 5.7లో రీస్టోర్ చేయబోతే, ఇందాకటి 255 సంఖ్య గల కొలేషన్ తనకు తెలియదని ఆ సర్వర్ ఆగిపోతుంది. ఫైలులో దాని పేరును పాత కొలేషన్ పేరుతో మార్చుకోవాలి. తెలుగు అక్షరాలకు యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు సరిపోతాయి కనుక ఈ మార్పిడిలో తెలుగు డేటా చెడదు, కాకపోతే ఎమోజీలు ఉన్న కాలమ్‌లకు నాలుగు బైట్ల అక్షరాలను కూడా పట్టే ఎంబీ-4 రకపు కొలేషనే ఎంచుకోవాలి.

ప్రత్యామ్నాయాల గురించి రెండు మాటలు. మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్, పీజీ అడ్మిన్ తమ తమ డేటాబేస్‌ల లోతుల్లోకి డీబీవర్ కన్నా బాగా వెళతాయి, కానీ అవి ఆ సాధనం వెర్షన్‌కు దగ్గరి సర్వర్ల కోసమే కట్టినవి. మరీ పాత సర్వర్‌కు ఆ సాధనపు పాత వెర్షన్‌నే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. విండోస్‌లో తేలిగ్గా ఉండే హెయిడీ ఎస్‌క్యూఎల్ కనెక్షన్ స్థాయిలోనే క్లయింట్ లైబ్రరీని ఎంచుకోనిస్తుంది. డీబీవర్‌లో లేదని పైన నేను అడిగిన సౌకర్యం సరిగ్గా ఇదే. అయితే ఒరాకిల్ ఉన్నవారికి అది పనికిరాదు.

డబ్బు పెట్టి కొనే ఎడిషన్ల విషయానికి వస్తే, మాంగో డీబీ, కసాండ్రా లాంటి నోఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లు చూడవలసినవారికి వాటిలో అర్థం ఉంది. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్లతోనే సరిపెట్టుకునేవారికి, ఎన్ని తరాల సర్వర్లు ఉన్నా, పైన చెప్పిన పనులన్నిటికీ ఉచిత ఎడిషన్‌లోని డ్రైవర్ మేనేజరే చాలు.